బీగం ఎవరి కోసం?

మా ఇంట్లో ఒక టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ బండి ఉంది. వయసులో నాకంటే పెద్దది. హోసూరు చుట్టుపక్కల పుట్టి పెరిగిన వాళ్లకు ఈ బండి గురించి చెప్పాల్సిన పని లేదు. దాని పుట్టిల్లు కూడా ఇదే. 1980లో టీవీఎస్ 50 అనే మోపెడ్ మన హోసూరు ఫ్యాక్టరీలో తయారై బయటికొచ్చింది. మోటారు, పెడల్ అనే రెండు మాటలు కలిసి మోపెడ్ అయింది. అప్పటి బండ్లకు సైకిలుకు ఉన్నట్టే పెడళ్లు ఉండేవి. తొక్కి స్టార్ట్ చేయాలి. మా తాత మొదట కొన్నది అదే. దారిలో పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇల్లు చేరేవాణ్ణని ఇప్పటికీ చెప్తాడు. ఆయన నోట మోపెడ్ అనే మాట రాదు. "సైకిల్ మోటారు" అంటాడు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు మా చేమంతి మూటలు, రోజాపూల కట్టలు ఈ బండి మీదే హోసూరు పూల మార్కెట్టుకు పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆవుకు బూసా, అవ్వకు మాత్రలు, మాకు బొరుగులు వస్తాయి. వెనక సీటు తీసేసి తాత అక్కడ ఒక చెక్క పలక బిగించినాడు. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ముందర కాళ్లు పెట్టుకునే చోట నిలబడి ఊరంతా తిరిగినాం. ఆ బండి లేని రోజు మా ఇంట్లో పొద్దు ఎట్ల గడుస్తుందో పోయిన సంవత్సరం దాకా నాకు తెలీదు.

ఈ వ్యాసం ఆ బండి దొంగతనం పోయిన సంగతి గురించి. దొంగ ఎవరో మాకు ఇప్పటికీ తెలీదు, కాబట్టి అతని గురించి నేను రాయగలిగింది తక్కువ. తప్పు చేసిన ఇంకొకరు ఎవరో మాత్రం నాకు బాగా తెలుసు.

ముందు బీగాల సంగతి చెప్పాలి. మేము ఇంట్లో తాళాన్ని బీగం అంటాం. పాఠ్యపుస్తకంలో తాళం. తమిళంలో పూట్టు. ఈ వ్యాసంలో నాకు ఇంటి మాటే వస్తూ ఉంది. అయ్యవారు ఎర్ర సిరాతో దిద్దకుండా వదిలేయాలని మనవి.

బండిని కాపాడుకోవడంలో తాతకు ఆయన పద్ధతులు ఉన్నాయి. హ్యాండిల్ బీగం ఒకటే నమ్ముకుంటే చాలదంటాడు. ఎక్స్‌ఎల్ బండి తేలిక. ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే ఎత్తి ఆటోలో వేసుకొని పోగలరు. అప్పుడు హ్యాండిల్ తిరిగితే ఏం, తిరక్కపోతే ఏం? అందుకని ముందు చక్రంలో నుంచి ఇనుప గొలుసు దూర్చి, వాకిట్లో ఉన్న రాతి కంబానికి చుట్టి, దానికి వేరే బీగం వేస్తాడు. రాత్రి పడుకునే ముందు పెట్రోలు కుళాయి కట్టేస్తాడు. కార్బొరేటర్‌లో మిగిలిన కొంచెం పెట్రోలుతో ఎవరైనా స్టార్ట్ చేసినా కొంత దూరం పోయేసరికి బండి నిలబడిపోతుంది. తెలియని వాడైతే రిపేరు అనుకొని అక్కడే వదిలేసి పోతాడని తాత లెక్క. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఒక కాగితం మీద రాసి దేవుడి పటం వెనక పెట్టినాడు. నంబరు ప్లేటు ఎవరైనా మార్చేయొచ్చు, ఇనుము మీద కొట్టిన నంబరును చెరపడం కష్టం అంటాడు.

ఆయన బండి చెవిని నాకు అందకుండా పెట్టేవాడు. రెండు చెవులు ఉన్నాయి. ఒకటి ఆయన నడుముకు కట్టుకున్న సంచిలో. రెండోది వంటింట్లో పైన మేకుకు. నాకు పదిహేనేళ్లు. చట్టం ప్రకారం 50 సీసీ దాటని గేర్లు లేని బండి నడపడానికి 16 ఏళ్లు నిండాలి, అదీ పెద్దవాళ్ల ఒప్పుదలతో. అంతకంటే పెద్ద ఇంజిన్ అయితే 18. మా బండిది 69.9 సీసీ. పిల్లలు నడిపి పట్టుబడితే పెద్దవాళ్ల మీద కేసు అవుతుంది, 25,000 రూపాయల జరిమానా కూడా ఉంది. అవన్నీ తెలిసి కూడా నాకు కోపం వచ్చేది. "నేనేమన్నా దొంగనా తాతా, నా దగ్గర దాస్తావు?" అని ఒకసారి అడిగినాను. తాత నవ్వి, "దొంగవని కాదు పాపా. బీగం వేసిపెడితే నీకూ మనసు లాగదు, నాకూ నిద్ర పడుతుంది" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు నచ్చలేదు. బీగం అంటే ఎదుటి మనిషి ముఖం మీద "నిన్ను నమ్మను" అని రాసి అంటించడమే కదా అనుకున్నాను. ఈ మాటే మా తరగతిలో చర్చకు వచ్చినప్పుడు చాలామంది నా పక్షానే మాట్లాడినారు. బీగాలు లేని ఊరే మంచి ఊరు అని అందరం గట్టిగా చెప్పినాం. అప్పటికి మా బండి ఇంకా పోలేదు.

పోయిన సంవత్సరం ఆయుధపూజ నాడు బండి కడిగే పని నాది. పూల పని చేసే ఇళ్లకు ఆ వారం ఊపిరాడదు. అమ్మ, అవ్వ రెండు రోజులుగా మాలలు కడుతూనే ఉన్నారు. నాయన డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. తాత ఆ రోజు మూడు సార్లు మార్కెట్టుకు పోయి వచ్చి, అలిసిపోయి చెవి నా చేతికిచ్చినాడు. "కడిగి, బొట్లు పెట్టి, వాకిట్లోకి తెచ్చి బీగం వెయ్" అన్నాడు. నేను కడిగినాను, పసుపు కుంకుమ పెట్టినాను, మా చేమంతి మాలే హ్యాండిల్‌కు వేసినాను. పూజ అయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు తోసినాం. బొరుగులు, పుట్నాలు వీధిలో పంచినాం. ఆ సందడిలో బండి వీధిలోనే నిలిచింది. గొలుసు వేయలేదు. పెట్రోలు కుళాయి కట్టలేదు. చెవి బండికే ఉంది. చేతులు కడుక్కొని వచ్చి తీద్దాం అనుకున్నాను. లోపల మా మేనత్త పిల్లలు వచ్చి ఉన్నారు. మరిచిపోయినాను.

పొద్దున నాలుగు గంటలకు తాత అరుపు విని లేచినాను. బండి లేదు. మేము వేసిన మాలలో నుంచి రాలిన చేమంతి రేకులు వీధి మలుపు దాకా కనిపించినాయి.

అందరూ వాకిట్లో నిలబడి ఉన్నారు. తాత నన్ను చూసి, "పాపా, బీగం వేసినావు కదా?" అన్నాడు. ఆ ప్రశ్న అడిగిన తీరులోనే అవుననే జవాబు ఉంది. నేను "వేసినా తాతా" అన్నాను. "చెవి ఏదీ?" అన్నాడు నాయన. వంటింట్లోకి పోయి మేకుకున్న రెండో చెవి తెచ్చి చూపించినాను. మొదటి చెవి తన సంచిలోనే ఉందని తాత అనుకున్నాడు. ఆ కంగారులో ఎవరూ వెతకలేదు. ఒక్క నిమిషంలో జరిగిపోయింది. అబద్ధం ఆడాలని ముందుగా అనుకొని ఆడలేదు. కానీ దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు తర్వాత చాలా నిమిషాలు దొరికినాయి. నేను తీసుకోలేదు.

పోలీసు స్టేషనులో ఫిర్యాదు తమిళంలో రాసివ్వాలి. తాతకు తెలుగు చదవడం వస్తుంది, తమిళం మాట్లాడగలడు, రాయలేడు. నాయనకూ అంతే. మా ఇంట్లో తమిళం రాయడం వచ్చింది నాకు, తమ్ముడికి. మనలాంటి ఇళ్లల్లో పిల్లలే పెద్దవాళ్లకు గుమాస్తాలు అని ఈ పత్రిక చదివే వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రేషన్ కార్డు కాగితం నుంచి బ్యాంకు చలానా దాకా మనమే రాస్తాం. కాబట్టి ఆ ఫిర్యాదు నేనే రాసినాను. బండి నంబరు, రంగు, దేవుడి పటం వెనక కాగితంలో ఉన్న రెండు నంబర్లు, పోయిన సమయం. తర్వాత, బండికి బీగం వేసి ఉన్నదని ఒక వాక్యం. "పూట్టి" అనే మాట రాసేటప్పుడు చెయ్యి వణికింది. అక్షరాలు మాత్రం బాగానే వచ్చినాయి. స్టేషనులో ఒక కానిస్టేబుల్ నా రాత చూసి మెచ్చుకున్నాడు కూడా.

అబద్ధం అంతటితో ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాయకపోదునేమో.

మా వీధి చివర ఒక వరుస గదుల్లో ఒడిశా, బీహారు నుంచి వచ్చిన అన్నలు అద్దెకుంటారు. కంపెనీల్లో షిఫ్టులు చేస్తారు. వాళ్లలో ఒక అన్నది గంజాం జిల్లా. బరంపురం పక్కన పల్లె. అక్కడ తెలుగు వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఆయనకు తెలుగు వస్తుంది. మన యాస కాదు, వేరే రకం. ఇంత దూరం నుంచి వచ్చిన వాడు తెలుగులో "అవ్వా, పాలు పొయ్యి" అంటే మా అవ్వకు ఎంత సంతోషమో. ఆయుధపూజకు ఒక వారం ముందు, ఆయన గదిలో ఒకరికి జ్వరం ఎక్కువై పడిపోతే, తాత బండిని, చెవిని ఆయన చేతిలో పెట్టి ఆసుపత్రికి పంపినాడు. అరపూట బండి ఆయన దగ్గరే ఉంది. తిరిగి తెచ్చేటప్పుడు పెట్రోలు పోయించి తెచ్చినాడు.

ఇప్పుడు వీధిలో వాళ్ల లెక్క చూడండి. బండికి బీగం వేసి ఉంది (నేను చెప్పినాను). బీగం పగలగొట్టిన గుర్తు, తెగిన గొలుసు ఏదీ వీధిలో పడిలేదు. అంటే దొంగ దగ్గర చెవి ఉండాలి. చెవులు రెండూ ఇంట్లోనే ఉన్నాయి. అంటే మూడో చెవి ఎవరో చేయించుకున్నారు. చెవి అరపూట ఎవరి దగ్గర ఉండింది? లెక్కలో తప్పేమీ లేదు. మొదటి అంకె ఒకటే తప్పు, అది వేసింది నేను.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని ఎవరో అన్నారు. ఆ రోజు సాయంత్రం పది పన్నెండు మంది ఆ గది ముందర చేరినారు. పెట్టెలు తెరిపించినారు. ఆ అన్న రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతూ ఉండె. లేచి వచ్చి, ఏం జరిగిందో అర్థం కాక, అందరి ముఖాలు చూసినాడు. మాట తడబడింది. తెలుగు, హిందీ, ఒడియా కలిసిపోయినాయి. "చూస్తిరా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటా ఉండాడు" అన్నారు. గది యజమాని వారంలో ఖాళీ చేయమని చెప్పేసినాడు.

నేను ఆ గుంపు వెనకాల నిలబడి ఉన్నాను. గుమ్మడికాయల సామెత గురించి ఆ రాత్రి చాలా ఆలోచించినాను. తప్పు చేసినవాడు తనకు తానే బయటపడతాడని దాని అర్థం అని బళ్లో నేర్చుకున్నాం. ఆ సాయంత్రం అక్కడ భుజం తడుముకున్నది తప్పు చేయని మనిషి. పది మంది ఒక్కసారిగా తలుపు కొడితే, అది కూడా తన ఊరు కాని ఊరులో, ఎవరు తడుముకోరు? తప్పు చేసిన నేను చేతులు కట్టుకొని కదలకుండా నిలబడినాను. నా వైపు ఎవరూ చూడలేదు. ఆ సామెత తప్పని నేను అనను, పెద్దలు ఏదో చూసే అని ఉంటారు. దాన్ని సాక్ష్యంగా వాడకూడదు అని మాత్రం నాకు తెలిసింది.

రెండు రోజులు గడిచినాయి. తాత పూల మూటలకు ఆటో పెట్టినాడు, ఒక్కో సారికి 300 రూపాయలు. ఇన్సూరెన్సు ఉంది కానీ అది థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఇంకొకరికి జరిగే నష్టానికే అది పనికొస్తుంది. బండి దొంగతనం పోతే పైసా రాదు. అది కావాలంటే ఎక్కువ కట్టి వేరే పాలసీ తీసుకోవాలి. పాత బండికి ఎందుకులే అని మా వాళ్లు తీసుకోలేదు. ఇవన్నీ రాత్రి అన్నం తినేటప్పుడు మాట్లాడుకుంటూ ఉంటే నాకు ముద్ద దిగలేదు. కానీ నిజం చెప్పాలంటే, నన్ను ఎక్కువ కుదిపింది డబ్బు కాదు. మూడో రోజు పొద్దున పాల చెంబు పట్టుకొని ఆ అన్న రాలేదు. అవ్వ ఆయన పాలు పక్కన తీసిపెట్టి, కాసేపు చూసి, ఏమీ అనకుండా మళ్లీ గిన్నెలో పోసేసింది.

ఆ సాయంత్రం తోటలో తాతకు చెప్పేసినాను. కొడతాడనుకున్నాను. ఆయన పూలు కోస్తూ ఉన్న చెయ్యి ఆపి, "చెవి బండికే పెట్టినావా?" అన్నాడు. అవునన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బండి మరిచిపోతివి, సరే. మనిషిని కూడా మరిచిపోతివే పాపా" అన్నాడు. "చెప్పులేసుకో, పోదాం" అన్నాడు.

ముందు ఆ గదికి పోయినాం. తాత వీధిలో నలుగురూ వినేటట్టు, కావాలనే గట్టిగా చెప్పినాడు. "మా పాప చెవి బండికే వదిలేసింది. ఎవరైనా తీసుకొని పోయి ఉండొచ్చు. ఈ అబ్బయ్యను అనుమానించింది మా తప్పు." నేను కూడా చెప్పినాను, కానీ నా గొంతు అంత పైకి రాలేదు. ఆ అన్న, "నాకు కోపం లేదు తాతా. నేను కాదు, నేను కాదు అని చెప్తా ఉంటే ఒక్కరూ వినలేదు. అదే..." అని ఆపేసినాడు. తర్వాత స్టేషనుకు పోయినాం. ఏ చేత్తో రాసినానో ఆ చేత్తోనే ఇంకో కాగితం రాయమన్నాడు తాత. మొన్న మెచ్చుకున్న కానిస్టేబులే ఈ సారి బాగా తిట్టినాడు. చెవి వదిలేసి ఉంటే వెతికే తీరు వేరు, ఆ రాత్రి రోడ్డున పోయినవాళ్ల గురించి అడిగి ఉంటాం, రెండు రోజులు వృథా అయినాయి అన్నాడు. అది నాకు తట్టనే లేదు. నా అబద్ధం తప్పు చేయనివాడి మీదికి చూపు తిప్పడమే కాకుండా, చేసినవాడికి పారిపోవడానికి రెండు రోజులు సమయం కూడా ఇచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. చెవి వదిలేసింది నేను. అయితే దొంగతనంలో నాకు భాగం ఉందా? వీధిలో సగం మంది, "చెవి పెట్టి వదిలితే ఎవరు తీసుకోరు? రమ్మని పిలిచినట్టే కదా" అన్నారు. దొంగ మీద వాళ్లకున్న కోపం ఒక్కసారిగా తగ్గిపోయి నా మీదికి వచ్చింది. ఇది నాకు వింతగా తోచింది. తోటకు కంచె లేకపోతే పూలు కోసుకోవచ్చని అర్థమా? మా తోటకు మూడు పక్కల కంచె లేదు, ఇన్నేళ్లలో ఎవరూ మూట కట్టుకొని పోలేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం గురించి 303వ సెక్షన్ ఉంది. ఒకరి ఆధీనంలో ఉన్న వస్తువును వాళ్ల సమ్మతి లేకుండా, మోసపు బుద్ధితో తీసుకోవాలని కదిలిస్తే అది దొంగతనం అని దాని సారం. అంతకుముందున్న పాత శిక్షాస్మృతిలోనూ ఇదే. ఆ నిర్వచనంలో బీగం అనే మాట ఎక్కడా లేదు. బీగం వేసినా వేయకపోయినా సమ్మతి లేదు, అంతే. కాబట్టి నా మతిమరుపు దొంగ తప్పులో వీసమంత కూడా తగ్గించదు.

అట్లని నా తప్పు కూడా తగ్గదు. ఇక్కడే మనం పొరపాటు పడతాం అనుకుంటాను. తప్పు అంటే ఒకే రొట్టె అన్నట్టు, ఒకరికి పెద్ద ముక్క పోతే ఇంకొకరికి చిన్నది మిగులుతుందన్నట్టు పంచుకుంటాం. దొంగది దొంగతనం. నాది తాత అప్పజెప్పిన పని చేయకపోవడం. ఆ రెండూ వేరువేరు ఖాతాలు. అబద్ధం మూడో ఖాతా. దాంట్లో దొంగ పేరు లేదు, నా పేరు ఒక్కటే ఉంది. వీధిలో వాళ్లు సాక్ష్యం లేకుండా పెట్టెలు తెరిపించింది నాలుగోది. అది నా అబద్ధం వల్లే జరిగిందని చెప్పి వాళ్లను పూర్తిగా వదిలేయడానికి కూడా నాకు మనసు ఒప్పదు. బీగం వేసి ఉన్న మాట నిజమే అయి ఉన్నా, చెవి అరపూట పట్టుకున్న ఒక్క కారణానికి మనిషిని అట్ల నిలబెట్టొచ్చా? బండి ఎన్నోసార్లు మెకానిక్ దగ్గర కూడా ఉండింది. ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆయన మన ఊరివాడు.

ఈ మాట రాసేటప్పుడు నాకు కొంచెం భయంగానే ఉంది, చదివేవాళ్లలో మా వీధివాళ్లు కూడా ఉంటారు. అయినా రాస్తున్నాను. తమిళనాడులో తెలుగు మాట్లాడుకుంటూ ఎన్నో తరాలుగా ఉన్నాం మనం. బస్సులో గట్టిగా తెలుగు మాట్లాడితే ఎవరైనా తిరిగి చూసినప్పుడు మనసుకు ఎట్లుంటుందో మనకు తెలుసు. తెలిసినవాళ్లం మనమే ఇంకొకరి తలుపు కొట్టినాం.

నా స్నేహితురాలితో ఇదంతా చెప్పినప్పుడు ఆమె ఒక ప్రశ్న వేసింది. "నువ్వు నిజంగానే బీగం వేసి ఉండి, దొంగ ఏదో తంత్రంతో తీసుకొని పోయి ఉంటే? అప్పుడూ ఆ అన్నమీదే పడేది కదా అనుమానం? ఇంక బీగం ఎవరిని కాపాడినట్టు?" నేను జవాబు చెప్పలేకపోయినాను. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. బీగం బండిని కొంతవరకు కాపాడుతుంది. మనుషులను కాపాడేది బీగం గురించి మనం చెప్పే నిజం. వేసినామా, వేయలేదా, చెవి ఎవరెవరి చేతుల్లో పోయింది, మనకు ఏది తెలుసు, ఏది ఊహ. అది సరిగ్గా చెప్పితే అనుమానం అక్కర్లేని చోటికి పోదు. పోయినా త్వరగా వెనక్కి వస్తుంది. తాత నా దగ్గర చెవి దాచడం కూడా ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తుంది. చెవి నాకు అందేచోట ఉండి, ఒకరోజు బండి కనపడకపోతే, మొదట అందరూ నావైపే చూసేవాళ్లు. బీగం వేసిన ఇంట్లో ఆ చూపు ఉండదు.

బండి దొరికింది. పద్దెనిమిది రోజుల తర్వాత, ఒక నీలగిరి తోపులో మేకలు తోలుకొని పోయినవాళ్లు చూసి చెప్పినారు. పెట్రోలు లేదు, ముందు చక్రం లేదు, అద్దాలు లేవు. హ్యాండిల్‌కు మేము వేసిన మాల దారం ఒక్కటే మిగిలింది. ఇంజిన్ నంబరు తాత కాగితంతో సరిపోయింది. కోర్టు నుంచి విడిపించుకోవడానికి నాలుగైదు సార్లు తిరిగినాడు నాయన. ఆ చక్రం, అద్దాలు ఏదో పాత సామాన్ల అంగడిలో సగం ధరకు అమ్ముడుపోయి ఉంటాయి. దొంగ సొత్తని తెలిసి కొనడం కూడా నేరమే. సగం ధరకు దొరికినప్పుడు ఎందుకు దొరికింది అని అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారో. తాత కొత్త చక్రం కంపెనీ అంగడిలోనే, బిల్లుతో కొన్నాడు.

ఇప్పుడు రాత్రి గొలుసు వేసే పని తాత నాకే అప్పజెప్పినాడు. అది శిక్షో నమ్మకమో నేను అడగలేదు. గొలుసు వేసి, కుళాయి కట్టి, చెవి తెచ్చి ఆయన చేతిలో పెడతాను. ఆయన లేచి పోయి సరిచూడడు.

ఆ అన్న గది ఖాళీ చేయలేదు. తాత పోయి యజమానితో మాట్లాడినాడు. నెల తర్వాత పాలకు మళ్లీ రావడం మొదలుపెట్టినాడు. అవ్వతో మాట్లాడతాడు, నన్ను చూసి నవ్వుతాడు కూడా. పోయిన నెలలో ఒక రాత్రి వాళ్ల గదిలో ఇంకొకరికి ఒంట్లో బాగాలేదు. బండి మా వాకిట్లోనే ఉంది. తాత చెవి చేత్తో పట్టుకొని బయటికి వచ్చి, "తీసుకొని పో అబ్బయ్యా" అన్నాడు. ఆ అన్న చేతులు జోడించి, "వద్దు తాతా, ఆటో వస్తా ఉంది" అన్నాడు. ఆ రాత్రి పూట ఆటో రావడానికి చాలాసేపు పట్టింది. వీధి మలుపులో ఇద్దరూ నిలబడి ఉన్నారు, ఒకరు ఇంకొకరి భుజం మీద తల పెట్టుకొని. తాత చెవి పట్టుకొని వాకిట్లోనే కూర్చున్నాడు. ఆటో వచ్చి వాళ్లు ఎక్కేదాకా లోపలికి రాలేదు.